పాఠకుల ప్రశ్నలు: మెర్లో తోటలో చేతిపని

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని పోమెరోల్‌లో రెండు, మూడు హెక్టార్ల తోటవాళ్లు మెర్లో ద్రాక్షతో చేతిపని వైన్ చేస్తారని చదివాను. చేతిపని అంటే కాళ్లతో తొక్కడమేనా? ఒక పీపాకు ఎన్ని పళ్లు కావాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తొక్కడం కాదండీ. కోత రోజు తేల్చుకోవడంలో, పళ్లు ఏరడంలో ఉంది పనితనమంతా. పోమెరోల్ ఉన్న బోర్డో ప్రాంతంలో వాడే పీపాలో పట్టేది 225 లీటర్లు, అంటే 300 సీసాలు. దానికి దాదాపు 300 కిలోల పండు కావాలి. ఏరి పారేసేది కలిపితే ఇంకా ఎక్కువే.

మెర్లో పండు, కేబర్నే సావిన్యోన్ అనే మరో వైన్ ద్రాక్ష కంటే వారం, రెండు వారాల ముందే పక్వానికొస్తుంది. తొక్క పలచన. సెప్టెంబరులో వాన పడితే పండు పగిలి బూడిదరంగు బూజు పడుతుంది. వానకు భయపడి ముందే కోస్తే గింజ పచ్చిగా ఉండి వైన్ వగరెక్కుతుంది. ఆలస్యం చేస్తే పులుపు పడిపోయి చక్కెర పెరుగుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. అందుకే రోజూ పండు నమిలి చూస్తారు. గింజ గోధుమరంగుకు తిరిగి కరకరలాడాలి. పోమెరోల్ బంకమట్టి చల్లగా, తేమగా ఉండి ఈ తొందరను కొంత ఆపుతుంది. మెర్లో అక్కడ అంత బాగా కుదరడానికి కారణం అదే.

కాడలు తీసిన పళ్లను తొట్టిలో 26–30 డిగ్రీల దగ్గర పులియబెట్టి, తొక్కలతో కలిపి మూడు వారాల వరకూ ఉంచుతారు. కార్బన్ డయాక్సైడ్ తొక్కలను పైకి నెడుతుంది. పులిసినన్నాళ్లూ రోజుకు రెండుసార్లయినా వాటిని తడపకపోతే ఎండిపోయి వెనిగర్ వాసన పుడుతుంది. వేడి 35 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలిపోతుంది. తర్వాత పీపాల్లో ఏడాది, ఏడాదిన్నర. ఆవిరై తగ్గినంతా తరచూ నింపుతుండాలి. ఖాళీ ఉంటే గాలి చేరి పాడవుతుంది.

ప్రశ్న: కొన్నేళ్లు పంట బొత్తిగా ఉండదట, ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మెర్లో తొందరగా చిగురిస్తుంది కనుక ఏప్రిల్ మంచుకు దొరికిపోతుంది. 2017లో, 2021లో బోర్డోలో జరిగింది ఇదే. దాన్ని తప్పించుకున్నా, పూత సమయంలో చలి, వాన కలిస్తే పిందె పట్టక పూత రాలుతుంది. మామిడి రైతులకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

మంచు రాత్రుల్లో హెక్టారుకు కొన్ని వందల పెద్ద కొవ్వొత్తులు వరుసల మధ్య పెడతారు. ఉష్ణోగ్రత సున్నాకు దిగకముందే వెలిగించాలి. మాడిన చిగురు పక్కన మరో మొగ్గ లేస్తుంది గానీ, దానికి గుత్తులు చాలా తక్కువ.