తొలకరి పడిన రాత్రి నిద్రపోకు

చిరంజీవి లలితకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు నల్లమలలో ఒక ఏడాది, ఆ తరువాత జర్మనీలోని బవేరియా అడవిలో ఒక చలికాలం ఉండి, నేల నుంచి వెలువడి భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువును కొలవబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, బెంగ కూడా అంతే.

వాయువును పట్టే పెట్టెలు కూర్చునే రింగులను కనీసం ఒక రోజు ముందే మట్టిలో దించు. మూత పెట్టాక అరగంటలో నాలుగు నమూనాలు తియ్యి. సీసాల మీద పెన్సిలుతో రాయి, సిరా చెమటకు చెదిరిపోతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నా తప్పు. నీ వయసులో నేను రెండు వారాలకొక సోమవారం కొలవాలని పట్టిక గీసుకుని, దాన్ని పంచాంగంలా పాటించాను. ఆ ఏడు తొలకరి ఒక మంగళవారం రాత్రి పడింది. అతిథిగృహం వరండాలో కూర్చుని మట్టివాసనకు మురిసిపోయి, పెట్టెలన్నీ గదిలోనే పేర్చి ఉండగా, హాయిగా పడుకున్నాను. పదమూడు రోజుల తరువాత వెళ్లి కొలిస్తే దాదాపు ఏమీ లేదు. ఎండు అడవి నేల ఈ వాయువును ఇవ్వదని ధీమాగా రాశాను. ఎండిన మట్టి తడవగానే అందులోని సేంద్రియ పదార్థం ఒక్కసారిగా కుళ్లి నత్రజని విడుదలవుతుందని 1958లోనే బర్చ్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికా నేలలను చూసి రాశారు. నేను ఆ వ్యాసం చదివి, కింద గీతలు కూడా గీసుకున్నాను! వేసవంతా పేరుకున్న నత్రజని మీద సూక్ష్మజీవులు పడి ఈ వాయువును వెలువరించడం గంటల్లో మొదలై, కొద్దిరోజుల్లో అణగిపోతుంది. నేను నిద్రపోయింది ఆ గంటల్లోనే.

మట్టి రంధ్రాల్లో సగానికి కాస్త ఎక్కువగా నీరు నిండినప్పుడు ఈ వాయువు బాగా వెలువడుతుంది. పూర్తిగా మునిగితే అది గాలిలో ఉండే మామూలు నత్రజనిగా మారిపోతుంది. ఉష్ణమండల సతతహరితారణ్యాల్లో తడీ వేడీ రెండూ ఉంటాయి గనుక నేల ఏడాది పొడవునా ఇస్తూనే ఉంటుంది. ఉత్తరాది శంఖాకార అడవుల్లో నత్రజనికే కరవు గనుక అక్కడ తక్కువ. బవేరియాలో తొలకరి పాత్ర మంచుది: హోగల్‌వాల్డ్ అనే చోటి స్ప్రూస్ చెట్ల అడవిలో 1996లో ఏడాది మొత్తంలో సగానికి పైగా గడ్డకట్టిన నేల కరిగిన రోజుల్లోనే వెలువడింది. చలికి బద్ధకించి ఆ రోజుల్లో గదిలో కూర్చున్నావో, నా చేత తిట్లు తింటావు. నూరేళ్ల లెక్కన ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 273 రెట్లు వేడెక్కిస్తుంది, నాలుగు రోజుల లెక్క తప్పినా చిన్న తప్పు కాదు.

నిద్రపోవద్దన్నానని చీకట్లో ఒంటరిగా బయలుదేరకు తల్లీ. నల్లమలలో ఎలుగుబంట్లు ఉన్నాయి, తొలకరికి పిడుగులు కూడా ఎక్కువ. చెంచు వాచరును ముందే మాట్లాడిపెట్టుకో, ఉరుములు ఆగాకే అడుగు బయటపెట్టు. మొదటి నమూనా తీశాక నాకు ఫోను చెయ్యి, ఏ వేళైనా సరే.

ఇట్లు,
మీ పెదనాన్న