మైకు ముందు మీరన్న ఆ ‘వాడు’ ఎవరు?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. పదకొండు నెలల కిందట మా బావమరిదితో కలిసి ఒక రాజకీయ వ్యంగ్య సినిమాకు వెళ్లాను. నిండా బూతులే అయినా, అందులో ఎమ్మెల్యే పాత్ర రైతుల భూములు కాజేసే తీరు చూస్తుంటే, కాలువ తవ్వకంలో భూమి పోయి కుంగిపోయిన మా నాన్న గుర్తుకొచ్చి కన్నీళ్లు ఆగలేదు. బయటికి రాగానే ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు పబ్లిక్ టాక్ అంటూ మైకు పెట్టి, ‘సినిమాల ఎమ్మెల్యే ఎట్లుండు సార్’ అని అడిగారు. ఆ ఆవేశంలో సినిమాలోని మాటలతోనే ‘వాడు’ అంటూ తిట్టాను. వాళ్లు ప్రశ్న తీసేసి, మా ఎమ్మెల్యే ఫొటో తగిలించి, ‘ఎమ్మెల్యేను బూతులు తిట్టిన టీచర్’ అని శీర్షిక పెట్టి వదిలారు. ఆయన అనుచరుడు ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 352, 353, 356 సెక్షన్ల కింద కేసు పెట్టారు. రెండు వారాల కిందట స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది, భయపడి వెళ్లలేదు. శాఖ నుంచి మెమో కూడా వచ్చింది. సెన్సారు ఒప్పుకున్న మాటలు నేనంటే నేరమెలా అవుతుంది? చానెల్ మీద పరువునష్టం దావా వేయవచ్చా? నా దగ్గర వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఉంది. ఆ రోజు మా బావమరిది కూడా పక్కనుంచి తన ఫోన్‌లో తీశాడు గాని, ఆ ఫోన్ అద్దం పగిలి మూలన పడి ఉంది. గొంతు నాది కాదని, అది డీప్‌ఫేక్ అని చెప్పేయమని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ లేఖలో మీ నాన్నగారి భూమి గురించి రాశారు. ఆ బాధ నిజమే కావచ్చు, కానీ ఈ కేసులో ఏ న్యాయమూర్తీ దాన్ని తూకంలో వేయరు. కేసును తేల్చేది ఒకే ఒక్క అంశం: మీ నోటి నుంచి వచ్చిన ‘వాడు’ సినిమాలోని పాత్రా, మీ నియోజకవర్గ శాసనసభ్యుడా? దానికి సాక్ష్యం, మీరు లేఖ చివర అలవోకగా రాసి వదిలేసిన ఆ అద్దం పగిలిన ఫోన్‌లో ఉంది.

ముందు మీ మొదటి ప్రశ్న. సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రం ఆ చిత్రాన్ని ప్రదర్శించడానికి ఇచ్చిన అనుమతే తప్ప, అందులోని మాటలను ప్రేక్షకుడు బయటికి వచ్చి బతికున్న మనిషి మీద ప్రయోగించడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. పశ్చిమ బెంగాల్‌లో ఒక రాజకీయ వ్యంగ్య చిత్రాన్ని థియేటర్ల నుంచి మాయం చేసినప్పుడు, 2019లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వం చేత నిర్మాతలకు 20 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు కాపాడింది ప్రదర్శన హక్కును. మాట్లాడే హక్కు మీకూ రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద ఉంది, కానీ పరువునష్టం దానికి అదే అధికరణం గీసిన హద్దుల్లో ఒకటి. అందుచేత ‘సినిమాలో ఉంది కాబట్టి నేనన్నాను’ అన్న వాదనను ఇవాళే వదిలేయండి. ‘సినిమాలోని మనిషి గురించే అన్నాను’ అన్నది వేరే వాదన, అది నిలబడగల వాదన. పరువునష్టం జరగాలంటే ఆ మాట ఫలానా వ్యక్తి గురించి అన్నదేనని తేలాలి. మీరు రాసిన దాన్నిబట్టి మీ నోట ఎమ్మెల్యే పేరు రాలేదు, పేరునూ ఫొటోనూ అతికించింది చానెల్.

ఇక మీ మీద పెట్టిన సెక్షన్లు. వీటిలో 352 (గొడవకు రెచ్చగొట్టేలా అవమానించడం), 356 (పరువునష్టం) కాగ్నిజబుల్ నేరాలు కావు, కాబట్టి మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు వాటిని దర్యాప్తు చేయలేరు. పరువునష్టం విషయంలోనైతే ఆ మాట వల్ల నొచ్చుకున్న వ్యక్తే కోర్టుకు ఫిర్యాదు చేసుకోవాలి, అనుచరుడి ఫిర్యాదు చాలదు. మరి ఎఫ్ఐఆర్ ఎలా నిలిచింది? 353ను, అందులోని కాగ్నిజబుల్ భాగం కింద, చేర్చడం వల్ల నిలిచి ఉండాలి. ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉంటే మిగిలినవీ దానితోపాటు దర్యాప్తుకు వస్తాయి. ఆ 353కు కావలసింది ప్రజల్లో భయాందోళనలు రేపే ఉద్దేశమో, ఒక వర్గాన్ని మరో వర్గం మీదికి ఉసిగొల్పడమో, అలాంటి ప్రమాదం. థియేటర్ మెట్ల మీద ఒక మనిషి ఒక మనిషిని తిట్టడం ఆ సెక్షన్ కిందికి రాదన్నది నా దృఢమైన అభిప్రాయం. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే మాటల నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం తగినదని సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, సోషల్ మీడియా మాటల మీద కేసు పెట్టేముందు ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా అని చూడాలని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి రెండూ మీకు పనికివస్తాయి. రేపు బూతు మాటల పేరుతో ఐటీ చట్టం 67వ సెక్షన్ చేర్చినా బెంబేలు పడకండి. బూతు వాడినంత మాత్రాన అది అశ్లీలం కాబోదని ఒక వెబ్‌సిరీస్ కేసులో సుప్రీంకోర్టు 2024 మార్చిలో స్పష్టం చేసింది.

అయితే 353 కొట్టుకుపోతే గండం గడిచినట్టేనని అనుకోవద్దు. ఆ ఎమ్మెల్యే స్వయంగా మేజిస్ట్రేటు ముందు పరువునష్టం ఫిర్యాదు వేసుకోవడానికి ఆయనకు మూడేళ్ల గడువుంది, అందులో రెండేళ్ల పైచిలుకు ఇంకా మిగిలే ఉంది. అందుకే ఆ ‘వాడు’ ఎవరో తేల్చే సాక్ష్యం మీకు ఇప్పుడే కాదు, చాలాకాలం కావాలి.

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా మందలించక తప్పదు. పదకొండు నెలలు ఏం చేశారు? థియేటర్ బయటి సీసీ కెమెరాల రికార్డు కొద్ది రోజులకే, పైన కొత్త రికార్డు పడి, చెరిగిపోతుంది. మొదటి వారంలోనే ఒక లేఖ రాసి ఉంటే అది మిగిలేది, ఇప్పుడు ఆ ఆశ లేదు. వాట్సాప్‌లో తిరిగి తిరిగి మీ ఫోన్‌కు చేరిన నకలు మీ పక్షాన దేనినీ రుజువు చేయదు. పైగా అందులో కత్తిరించిన భాగమే ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు పోలీసు నోటీసుకు వెళ్లకపోవడం. నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే చట్టం) 35వ సెక్షన్ కింద వచ్చిన నోటీసు మిమ్మల్ని అరెస్టు నుంచి కాపాడే కాగితం. దాని ప్రకారం నడుచుకుంటే, కారణాలు రాసిపెట్టకుండా మిమ్మల్ని అరెస్టు చేయడానికి వీల్లేదు. వెళ్లకుండా ఉంటే ఆ రక్షణను మీ చేతులతో మీరే తీసేసుకున్నట్టు. న్యాయవాదిని వెంటబెట్టుకుని ఈ వారంలోనే వెళ్లండి, రాలేకపోయిన కారణం రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

మీ మిత్రుడి సలహా విషయం. దయచేసి ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయవద్దు. గొంతు నమూనా ఇమ్మని ఆదేశించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు అదే సంహిత 349వ సెక్షన్ నేరుగా ఇచ్చింది. ప్రయోగశాల నివేదిక వచ్చిన రోజున మీరు ఆ తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. కోర్టులో ప్రమాణపత్రం మీద ఆ మాట రాస్తే తప్పుడు సాక్ష్యం నేరానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, శాఖాపరంగా అది విడిగా మరో అభియోగం. వీటన్నిటినీ మించి, గొంతు మీది కాదంటే మీ అసలు రక్షణ చచ్చిపోతుంది. ‘నేను మాట్లాడలేదు’, ‘మాట్లాడాను గాని సినిమా పాత్ర గురించి’ అనే రెండు మాటలు ఒకే నోట ఇమడవు.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి. దాన్ని వీధిచివర రిపేరు షాపులో ఇవ్వకండి. అద్దం మార్చే కుర్రాడు రీసెట్ కొడితే మీ కేసు అక్కడితో సరి. సిమ్ తీసి, విడిగా భద్రపరచి, డేటా వెలికితీసే నిపుణుడి దగ్గరికి మీ బావమరిదే స్వయంగా తీసుకెళ్లాలి. వీడియోను ఎవరికీ వాట్సాప్‌లో పంపవద్దు, పంపిన క్షణమే అది కుదించుకుపోయి వేరే ఫైలు అవుతుంది. అసలు ఫైలు హాష్ విలువను (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) నమోదు చేయించి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం సిద్ధం చేయించండి. అందులో ఒక భాగం ఫోన్ తన అధీనంలో ఉన్న మీ బావమరిదీ, మరో భాగం నిపుణుడూ సంతకం చేయాలి, మీ సంతకం చెల్లదు. ఇలాంటి ధ్రువపత్రం తప్పనిసరి అని పాత సాక్ష్య చట్టం కిందే సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అసలు ఫోన్‌నే కోర్టుకు తెచ్చి యజమాని సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అవసరపడదు, అయినా రెండూ ఉంచుకోండి. దర్యాప్తు అధికారి ఫోన్ అడిగితే పంచనామాలో హాష్ విలువ రాయించకుండా అప్పగించవద్దు.

చానెల్ మీద దావా వేయవచ్చు. మీరు అననిదాన్ని అన్నట్టుగా శీర్షిక పెట్టడం మీ పరువుకు భంగమే. కానీ కాలపరిమితి చట్టం 75వ అధికరణం ప్రకారం గడువు ప్రచురణ తేదీ నుంచి ఒక్క ఏడాది, మీకు మిగిలింది నెల కూడా ఉండకపోవచ్చు. వీడియో ఇంకా ఆన్‌లైన్‌లో ఉంది కాబట్టి గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని కొందరు చెబుతారు. ఢిల్లీ హైకోర్టు 2013లో ఆ వాదనను ఒప్పుకోలేదు, దాని మీద ఆధారపడవద్దు. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదన్నది కూడా గుర్తుంచుకోండి. నోటీసుకు జవాబు కోసం ఎదురుచూసి దావా పోగొట్టుకున్న కక్షిదారులను చాలామందిని చూశాను. కోటి రూపాయలు అడగకండి, అడిగిన మొత్తాన్నిబట్టే కోర్టు ఫీజు కట్టాలి. భరించగలిగినంత అడిగి, దానితోపాటు వీడియో తొలగింపు ఉత్తర్వూ, ఎడిట్ చేయని ఫుటేజీని కోర్టులో దాఖలు చేయాలన్న దరఖాస్తూ దావాతోనే వేయండి. వీడియో తీసేయమని యూట్యూబ్‌కు ముందుగా ఫిర్యాదు చేస్తే మీ సాక్ష్యం కూడా దానితోపాటు పోతుంది. లింకు, శీర్షిక, ఫొటో, ప్రచురణ తేదీ కనిపించేలా నకలు భద్రపరచిన తర్వాతే ఆ పని చేయండి.

శాఖ మెమోకు ఇచ్చిన గడువులోగానే, ఆధారపడిన వీడియో నకలు ఇమ్మని కోరుతూ తాత్కాలిక జవాబు ఇవ్వండి. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కేసంత గట్టి రుజువు అక్కర్లేదు. ఉపాధ్యాయుడు బహిరంగంగా బూతులు మాట్లాడాడన్న మేరకు చిన్న శిక్ష పడే అవకాశం ఉంది, దానికి మీరు సిద్ధపడాలి. 353 సెక్షన్ వరకు ఎఫ్ఐఆర్‌ను కొట్టివేయాలని నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లేది, బావమరిది వీడియో వెలికి వచ్చి, దాంట్లో చానెల్ ప్రశ్న స్పష్టంగా వినిపిస్తోందని మీ న్యాయవాది చెవులారా విన్న తర్వాత. దావా మాత్రం దాని కోసం ఆగకూడదు. ప్రచురణ తేదీ చూసుకుని, గడువు ముగిసే రోజుకు కనీసం వారం ముందే దాఖలు చేయండి.