లిఫ్టు లేవకుంటే ముందే పంపును తిట్టకు

హాలియా

కొడుకా,

రాత్రి ఫోన్ల నువ్వు చెప్పింది సగమే సమజైంది, మాట తెగిపోతుండె. అందుకే కాయితం మీద రాస్తున్న. బండి పక్కన కూసోని చదువుకో.

నీ ట్రాక్టర్ వెనుక గొర్రును లేపే లిఫ్టు ఉత్తగున్నప్పుడు లేస్తున్నది. గొర్రు తగిలిస్తే సగం దాకొచ్చి ఆగుతున్నది. పొద్దున మంచిగనే ఉండి, ఎండెక్కినంక మొండికేస్తున్నది. మెకానిక్ వచ్చి బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, పంపు పోయిందన్నడు. ఇంతే కదా? పంపు పోయిందో లేదో ఇంకా ఎవ్వలకు తెల్వదు. ఒక్క మూత గూడ ఇప్పకుండ పంపు పోయిందన్నోని చేతికి పానా ఇయ్యకు.

నీది పాత మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్. దాని లిఫ్టు నడిచే తీరు తెలిస్తే సగం రోగం బయట నిలబడే పట్టొచ్చు. కొన్ని బండ్లకు పంపు ఇంజన్ పక్కన కంటికి కనబడుతది. దీనికి అట్ల కాదు. పంపు సీటు కింద పెట్టె లోపల, ఆయిల్ల మునిగి ఉంటది. దాన్ని తిప్పేది పీటీవో షాఫ్టే, అంటే ఇంజన్ బలంతోని బండి వెనుక తిరిగే ఇరుసు. గేర్లకు, లిఫ్టుకు ఒకటే ఆయిల్. నువ్వు లివర్ లాగితే పంపులకు ఆయిల్ పోయే దారి తెరుచుకుంటది, ఆ ఆయిల్ నిలువు పైపుల నుంచి పైకెక్కి సిలిండర్ల పిస్టన్‌ను నూకుతది, గొర్రును పట్టుకున్న లిఫ్టు చేతులు లేస్తయ్. ఐర్లాండుల పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ తీసిన పద్ధతి ఇది. 1960ల మద్రాసుల పెట్టిన టాఫే కంపెనీ నుంచి మన చెల్కలల్లకు వచ్చింది. మన తాతలు మేడితోని నాగలి లోతు సరిచేసుకున్నట్టు, ఈ బండి గొర్రును పైనుంచి పట్టే పైలింకు మీద పడే ఒత్తిడిని బట్టి తనే సరిచేసుకుంటది. ఆ తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటనే.

ఇగ పనిలకు రా. ముందు పీటీవో లివర్ చూడు. అది న్యూట్రల్‌ల ఉంటే పంపు తిరగనే తిరగదు. నవ్వకు, పెద్ద పెద్దోళ్లు గూడ ఈడనే బోల్తా పడ్డరు. క్లచ్ మీద కాలు పూర్తిగ తొక్కినా లిఫ్టు ఆగుతది, అది రెండు మెట్ల క్లచ్, సగం తొక్కితే చక్రాలు, పూర్తిగ తొక్కితే పీటీవో గూడ ఆగుతది. నీకు కొంచెం లేస్తున్నది కాబట్టి లివర్ తప్పు కాకపోవచ్చు గని, క్లచ్ జారుతుండొచ్చు. ఇట్ల పరీక్ష చెయ్: బండి బాగ వేడెక్కినంక గొర్రు తగిలించి లేపుమను, నువ్వు దూరంగ నిలబడి వెనుక పీటీవో షాఫ్టును చూడు. బరువు పడంగనే షాఫ్టు మెల్లగైతే, ఆగిపోతే, పంపు తప్పేం లేదు, క్లచ్ పలక అరిగింది. షాఫ్టు అదే జోరుల తిరుగుతుంటే క్లచ్ మంచిగున్నట్టు. చూసేటప్పుడు లుంగీ, తువాల షాఫ్టు దగ్గరికి రానియ్యకు. చుట్టుకున్నదంటే మనిషిని గూడ గుంజుతది.

తర్వాత సీటు పక్కనున్న రెండు లివర్లు. ఒకటి డ్రాఫ్టుది, ఒత్తిడిని బట్టి లోతు సరిచేసేది; ఒకటి పొజిషన్‌ది, గొర్రును ఒక ఎత్తుల నిలిపేది. డ్రాఫ్టు లివర్‌ను పూర్తిగ పైకి పెట్టి, పొజిషన్ లివర్‌తోనే లేపి చూడు. పాత బండ్లల్ల ఈ లివర్లకు పిన్నులు అరిగి, ఇనుప తీగలు కట్టి ఉంటయ్. లివర్ పైకి పోయినట్టే కనబడుతది, లోపల కొస దాకా జరగదు.

ఇగ ఆయిల్. జెర దీని మీద ఎక్కువ రాస్త, ఎందుకంటే నీ బండి మిర్యాలగూడ దిక్కు నుంచి కొన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద నీళ్లు తిరిగిన బండి. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలేసి, ఇరుసు మునిగేదాక బురదల తిరిగి ఉంటది. సీలు కొంచెం పోతే చాలు, నీళ్లు లోపలికి. వానకు గేర్ రాడ్ రబ్బరు పగిలినకాడ నుంచి గూడ దిగుతయ్. బండిని సమంగున్న జాగల, గొర్రు కిందికి దించి, కాసేపు ఆపి పెట్టి ఆయిల్ కొలిచే గజం కర్ర తీసి చూడు. ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగుల ఉంటే నీళ్లు కలిసినట్టే. అనుమానమైతే కొంచెం ఆయిల్ గాజు సీసల పోసి రాత్రంతా కదపకుండ పెట్టు, అడుగున నీళ్లు పేరుకుంటయ్. లేకుంటే రెండు చుక్కలు కాలిన పెనం మీద వేసి చూడు, నీళ్లుంటే చిటచిటమంటది. మీ పెద్దమ్మ పెనం మీద నేను ఒకసారి ఈ పరీక్ష చేసి మూడు రోజులు మాటలు పడ్డ. నువ్వు పాత రేకు మీద చేసుకో.

నీళ్లు కలిస్తే మొత్తం దించి కొత్తది పొయ్యాల్సిందే. 30 లీటర్లకు పైనే పడుతది, ఖర్చే. గని ఇంట్ల మిగిలిన ఇంజన్ ఆయిల్, ఇంకేదో పలుచటి నూనె కలిపి లెవెల్ చెయ్యకు. ఎండెక్కినంకనే లిఫ్టు ఆగుతున్నదని చెప్పినవ్ చూడు, ఆ మాట నాకు గట్టి ఆధారం. ఆయిల్ వేడికి పలుచనైతది, ఏడైనా చిన్న సందుంటే చిక్కగున్నప్పుడు ఆగింది పలుచనైనంక కారుతది. అంటే నీ బండిల బలం పుట్టకుంట లేదు, పుట్టింది ఏడనో కారిపోతున్నది. తప్పు నూనె పోసినా ఇదే తీరు.

ఈ కారుడు ఎంతున్నదో కొలువు. బండి వేడిగున్నప్పుడు గొర్రు ఎంత లేస్తే అంత లేపి, ఇంజన్ బంద్ చెయ్. లిఫ్టు చెయ్యి ఉన్నకాడ సుద్దముక్కతోని గీత పెట్టి, గడియారం చూసుకుంట కూసో. ఎన్ని నిమిషాలకు ఎంత దిగిందో రాసుకో. కింద ఎవ్వల్నీ తిరగనియ్యకు. అరుగుకో, దుంగకో ఆనించకుండ లేపిన గొర్రు కింద చెయ్యి పెట్టినోడు ఏనాటికైనా ఏడుస్తడు. చప్పుడు గూడ విను. ఇంజన్ నడుస్తుండంగ లేపేటప్పుడు గొర్రు ఆగిపోయి, లోపల గీమని ఒత్తిన చప్పుడు వస్తే, ఎక్కువైన ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటున్నది. తక్కువ బరువుకే తెరుచుకుంటే ఆ వాల్వు బలహీనమైంది. ఏ చప్పుడూ లేకుండ ఆగితే వేరే దారి చూడాలె.

నా కథ గూడ ఇదే. నా మొదటి బండి లిఫ్టు దమ్ము రోజులల్లనే పడిపోయింది. మెకానిక్ పంపు పోయిందన్నడు, నేను నమ్మిన. సికింద్రాబాద్ రాణీగంజ్ పోయి పంపు తెచ్చి ఎక్కిచ్చినం, లిఫ్టు ఒక్క జానెడు గూడ ఎక్కువ లేవలే. అప్పటికి మూడెకరాల దమ్ము చేతిల నుంచి జారిపోయింది. చివరికి ఇంకో ముసలాయన వచ్చి, కుడి చక్రం ఎత్తు మీదికి ఎక్కిచ్చి బండిని ఎడమకు వంచి నిలబెట్టిండు. ఆయిల్ అటు జరగంగనే సీటు కింద కుడి మూత ఇప్పి, గొర్రు లేపి, ఇంజన్ ఆపి, టార్చి వేసి చూపిచ్చిండు. నిలువు పైపు కాడ నూనె సన్నగ కారుతున్నది. కోసుకపోయిన రబ్బరు రింగు! నేను తెచ్చిన పంపు ధరల వంద రింగులు వచ్చేటివి.

నువ్వు గూడ అట్లనే మూత ఇప్పించి చూడు. నూనె పైపు మొదట్ల కారితే రింగు. సిలిండర్ ముంగటి నుంచి కారితే పిస్టన్ రింగులు అరిగినయ్, దానికి లిఫ్టు కవర్ లేపాలె, చైను పుల్లీ లేకుండ దానికి చెయ్యి పెట్టకుండ్రి, బరువుంటది. పంపు దగ్గర్నే కారుతుంటే అప్పుడు పంపు ముచ్చట మాట్లాడుదం. గొర్రు ఉయ్యాలూగినట్టు కిందికి మీదికి ఆడుతుంటే పైలింకు తగిలే వెనుక స్ప్రింగు గూడ పట్టి చూడు, చేత్తోని తిప్పితే తిరగాలె, ముందుకెనకకు ఆడొద్దు.

ఒక్కటి మాత్రం పైలం. ట్రాలీకి పోయే బయటి పైపుకు సన్నటి బొక్క పడితే వేలుతోని తడిమి చూడకు. మోటర్ సైకిల్ టైరుల గాలి 30 పౌండ్లుంటే, ఈడ వేలల్ల ఉంటది. సూదిమొన లెక్క తోలు చీల్చుకొని నూనె లోపలికి పోతది. పైకి చిన్న గాటు కనబడినా ఆ రోజే దవాఖానకు పోవాలె. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడు, తడి పడ్డకాడ బొక్క ఉన్నట్టు.

పీటీవో పరీక్ష, సీస పరీక్ష, సుద్ద గీత, ఈ మూడు అయినంక నాకు ఫోన్ చెయ్. గీత ఎన్ని నిమిషాలకు ఎన్ని వేళ్లు దిగిందో చెప్పు. ఐతారం నేను పొద్దుగాల బస్సుకు వస్త, టార్చి నా దగ్గరున్నది. రింగుల సెట్టు గూడ దేవరకొండల దిగినప్పుడే కొనుక్కొస్త. నువ్వు చైను పుల్లీ ఎవరినన్న అడిగి పెట్టు.

మీ పెద్దబాపు