విశాఖలోని సింధియా అనే ప్రాంతానికి, గ్వాలియర్ రాజులకి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. చుట్టరికం కాదు, ఓడ బేరం. 1919లో వ్యాపారవేత్త వాల్‌చంద్ హీరాచంద్ వాళ్ళు గ్వాలియర్ సింధియాల దగ్గర ‘లాయల్టీ’ అనే ఓడ కొని, కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ అని పేరు పెట్టుకున్నారు. మా దగ్గర ఓడల కార్ఖానా కట్టింది వాళ్ళే. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, 1948లో నెహ్రూ వచ్చి ‘జలఉష’ని నీళ్ళలోకి దింపారు. తర్వాత ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని బోర్డు మార్చింది. ఆటోవాళ్ళు మాత్రం ఇప్పటికీ ‘సింధియా, సింధియా’ అనే అరుస్తారు.

మాది పక్కనే మల్కాపురం. విశాఖ అనగానే అందరూ ఆర్కే బీచ్ ఫొటో పెడతారు, నాకు ఒళ్ళు మండుతుంది. నన్నడిగితే ఈ ఊరికి అన్నం పెట్టింది మా వైపే. అయినా మా అక్క పెళ్ళి సంబంధాలప్పుడు ఓ ఎంవీపీ కాలనీ ఆవిడ ‘మల్కాపురమా, అక్కడ గాలి బాగోదటండీ’ అని ముక్కు చిట్లించింది. ఆవిడ స్కూటర్లో పెట్రోలు మా మల్కాపురం రిఫైనరీలో కాక ఇంకెక్కడ తయారవుతుందనుకుందో! ఇంకో చిత్రం, సముద్రం పక్కనే పుట్టినా మాకు సముద్రం కనపడదు. ఎటు చూసినా గోడలు, గేట్లు. చూడాలంటే కొండెక్కి యారాడ పోవాలి.

మా నాన్న షిప్‌యార్డ్‌లో వెల్డరు. కొన్ని రాత్రులు కళ్ళు మండిపోయి, బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకునేవాడు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఓడ దింపుతున్నారని తీసుకెళ్ళాడు. కొబ్బరికాయ కొట్టారు. కింద దిమ్మలు తీశాక కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత మా వీధంత పొడుగున్న ఓడ, చప్పుడు లేకుండా వెనక్కి జారడం మొదలెట్టింది. గ్రీజు కాలిన వాసన. జనం ఒకటే కేకలు. నాన్న మాత్రం ఓడ అడుగువైపే చూస్తున్నాడు.

‘ఆ అతుకు సూసినావా? నాదే. పది రోజులు పట్టింది’ అన్నాడు. నేను వెతికేలోపు నీళ్ళు పైకొచ్చేశాయి. ‘మునిగిపోనాదిలే. ఇకేటీ కనపడదు.’

తిరిగొస్తూ సింధియా జంక్షన్‌లో మురీ మిక్చర్ కొనిచ్చాడు. ఉల్లిపాయలు ఎక్కువ వేయమని బండివాడితో పోట్లాడాడు కూడా.