పర్మిషన్లు సులువైతే నిరాశ్రయులకు ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయిని చూడడానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు ఫుట్‌పాత్‌ల మీద గుడారాల్లో బతుకుతున్న వాళ్లను చూసి నివ్వెరపోయాం. అక్కడి రాష్ట్ర సెనేటర్ స్కాట్ వీనర్ ఇళ్ల అనుమతుల మీద వరుసగా చట్టాలు తెస్తున్నారట. దానివల్ల బిల్డర్లకు లాభం గానీ, నిలువ నీడ లేనివారికి ఏం ఒరుగుతుంది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 2024 గణన ప్రకారం కాలిఫోర్నియాలో నిరాశ్రయులు సుమారు 1,87,000 మంది. మత్తుమందులు, మానసిక వ్యాధులే ఇందుకు కారణమని చాలామంది అంటారు గానీ, అవి అద్దెలు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కాలిఫోర్నియాను వేరు చేసేది ఇళ్ల కొరత, దానివల్ల మండిపోతున్న అద్దెలు.

నియమాలన్నీ పాటించిన భవనాన్ని కూడా ఇరుగుపొరుగు అభ్యంతరాలతో, అప్పీళ్లతో ఏళ్ల తరబడి ఆపగలిగే పద్ధతి అక్కడి నగరాల్లో పాతుకుపోయింది. 2016లో ఎన్నికైన వీనర్ 2017లో తెచ్చిన ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 35 చట్టం దీనికి అడ్డుకట్ట వేసింది. రాష్ట్రం నిర్దేశించిన ఇళ్ల లక్ష్యంలో వెనకబడిన నగరం, నిబంధనలకు లోబడిన అపార్ట్‌మెంట్లకు గడువులోగా అనుమతి ఇచ్చి తీరాలి. 150 ఇళ్ల వరకైతే ఆ గడువు 90 రోజులు. బదులుగా బిల్డరు, నగరం ఏ మేరకు వెనకబడిందన్న దాన్ని బట్టి, 10 శాతమో 50 శాతమో ఇళ్లను తక్కువ ఆదాయం ఉన్నవారికి కేటాయించాలి. కాబట్టి లాభమంతా బిల్డర్లదే అనడం సరికాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్రయంట్ వీధిలో ఉన్న ‘తహానన్’ భవనాన్నే చూడండి. దీర్ఘకాలం వీధుల్లో గడిపిన వారి కోసం కట్టిన ఈ భవనంలో 145 గదులున్నాయి; ప్రతి గదికీ సొంత స్నానాలగది, చిన్న వంట అర ఉన్నాయి. ఎస్‌బీ 35 కింద త్వరగా అనుమతి రావడం, గదులను ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పేర్చడం వల్ల దాదాపు మూడేళ్లలోనే పని ముగిసి, 2021లో పూర్తయింది. అయితే అక్కడ దాతల సొమ్ము తోడైందన్న సంగతి మరువరాదు. చట్టం జాప్యాన్ని తగ్గించగలదే తప్ప, ఏ ఆదాయమూ లేని మనిషి తరఫున అద్దె కట్టజాలదు. ఆ భారం ప్రభుత్వం మోయవలసిందే.

ఆయన ప్రయత్నాలన్నీ నెగ్గలేదు. రైలు స్టేషన్ల దగ్గర బహుళ అంతస్తుల ఇళ్లకు వీలు కల్పించే ఎస్‌బీ 50 బిల్లు, 21 ఓట్లు కావలసిన సెనేట్‌లో 18 ఓట్లే పొంది 2020 జనవరిలో వీగిపోయింది. పాత అద్దె ఇళ్లు కూల్చేస్తే పేదలు వెళ్లగొట్టబడతారన్న భయం ఆ వ్యతిరేకతలో ఒక భాగం. అది కొట్టిపారేయదగిన భయం కాదు. అదే ఆశయంతో వచ్చిన ఎస్‌బీ 79పై 2025 అక్టోబరులో గవర్నర్ సంతకం చేశారు. ఎస్‌బీ 35 అమల్లో ఉండే కాలాన్ని 2023 నాటి మరో చట్టం 2036 వరకు పొడిగించింది. మా అభిప్రాయంలో ఇవన్నీ అవసరమైన చట్టాలే. వాటితోపాటు అద్దెదారులకు రక్షణ, అద్దె సాయానికి ఏటా తప్పని నిధులు కూడా ఉన్నప్పుడే మీరు చూసిన గుడారాల్లోని వారికి గదులు దక్కుతాయి.