పాకం పట్టేది ఎవరు?

సందేహం: పండక్కి అరిసెలు, గులాబ్ జామూన్లు చేద్దామని రెండు వంటల వివరాలు రాసుకున్నాను. ఒకదానిలో ‘అరిసెలకు పాకం పట్టండి’ అనీ, రెండోదానిలో ‘జామూన్లకు పాకం పట్టనివ్వండి’ అనీ ఉంది. రెండుచోట్లా అర్థం ఒకటేనా? మా అత్తగారు ‘పాకం పెట్టు’ అంటారు. అది తప్పా? లేత పాకం, తీగపాకం, ఉండపాకం, ముదురు పాకం అంటారు కదా, వీటికి హద్దులేమిటి? పాకం, పానకం ఒకే మాటకు రెండు రూపాలా?

సమాధానం: అర్థం ఒకటి కాదమ్మా. ‘అమ్మ అరిసెలకు పాకం పట్టింది’ అన్నప్పుడు కర్త అమ్మ, కర్మ పాకం. ‘అరిసెలకు’ అంటే అరిసెల కోసం అని. ‘జామూన్లకు పాకం పట్టింది’ అన్నప్పుడు పాకమే కర్త. ముక్కలకు ఉప్పు పట్టింది, గోడకు చెమ్మ పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది అనే వాక్యాల వరసలోది ఇది. అక్కడ పట్టడమంటే లోపలికి ఇంకడం, అంటుకుని నిలవడం. మొదటి దానిలో మనిషి పని, రెండో దానిలో పదార్థం గుణం.

చిక్కల్లా ‘జామూన్లకు పాకం పట్టాలి’ అని రాసినప్పుడు వస్తుంది. పాకం తయారుచేయాలనా, జామూన్లు పాకం పీల్చుకోవాలనా? వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది, వంట ఒప్పుకోదు. అందుకే వంట రాసేవారు రెండో అర్థానికి ‘పీల్చుకోవాలి’ అని విడిగా రాయడం మంచిది. మీరు చూసినవారు ‘పట్టనివ్వండి’ అని జాగ్రత్తగానే రాశారు. ‘ఇవ్వు’ చేరగానే పని మనిషి చేతిలోంచి పాకం చేతికి వెళ్లిపోయింది.

‘పాకం పెట్టు’ తప్పు కాదు. ఆవకాయ పెడతాం, చారు పెడతాం, కాఫీ పెడతాం. మీ అత్తగారి మాట ఆ తోవలోదే. వంటింటి క్రియలు తర్కాన్ని కాక వాడుకను నమ్ముకుని బతుకుతాయి. నూనెలో వేగే గారెలను, బూరెలను ‘వండాం’ అంటాం, అదే నూనెలో వేగే అప్పడాలను మాత్రం ‘వేయించాం’ అంటాం. ఎవరూ పొరబడరు. కాకపోతే ‘పాకం పెట్టాను’ అంటే గిన్నె పొయ్యి మీదికి ఎక్కించిన సంగతే ముందుగా తోస్తుంది. ‘పట్టాను’లో చివరిదాకా దగ్గరుండి చూసిన ధ్వని ఉంది. ఈ పనికి ‘పట్టు’ బాగా అతికిందని నా అభిప్రాయం.

ఇక పాకం. ‘పచ్’ అనే సంస్కృత ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. పచనం, పక్వం, పరిపాకం దీని తోబుట్టువులు. ఆ ధాతువుకు వండడమనీ, పండడమనీ రెండర్థాలున్నాయి. నలపాకం అన్నప్పుడు మొదటిది, పక్వానికి వచ్చిన కాయ అన్నప్పుడు రెండోది. కావ్యాల శైలిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విడదీయడంలోనూ ఈ పండడమే ఉంది. తెలుగు వంటిల్లు ఇంత విశాలమైన మాటను తీసుకుని, కాచిన బెల్లానికీ పంచదారకూ కట్టబెట్టింది. అయితే పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘వ్యవహారం పాకాన పడింది’ అంటాం కదా, అందులో ఉన్నది అదే.

పండడమనే ఆ అర్థం తెలిస్తే లేత, ముదురు అనే విశేషణాలు ఎందుకు వచ్చాయో తెలుస్తుంది. లేత బెండకాయ, ముదురు బెండకాయ అన్నట్టే పాకానికీ వయసు కట్టారు. మంట మీద నీరు ఆవిరైపోతున్నకొద్దీ పాకంలో తీపి వంతు పెరుగుతుంది, దానితోపాటు వేడీ పెరుగుతుంది. పంచదార పాకమైతే సుమారు 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ మధ్య తీగ సాగుతుంది. 112 నుంచి 116 మధ్య మెత్తని ఉండ కడుతుంది, అప్పటికి అందులో పంచదార దాదాపు 85 శాతం. 146 దాటితే చల్లారగానే గాజులా విరుగుతుంది. బెల్లంలో వేరే చక్కెరలూ, మడ్డీ ఉంటాయి కాబట్టి ఈ అంకెలు దానికి అచ్చంగా సరిపోవు. అక్కడ వేళ్లనే నమ్మాలి.

లేత పాకమంటే వేళ్ల మధ్య జిగురుగా ఉంటుంది కాని తీగ రాదు. జామూన్లకు కావలసింది ఇదే. పంచదార, నీళ్లు సమానంగా పోసి, కరిగాక అయిదారు నిమిషాలు మరిగిస్తే చాలు. తీగ వచ్చేదాకా ఉంచితే ఆ చిక్కదనం జామూను లోపలికి దిగదు. పైన తియ్యగా, నడుమ పిండిముద్దలా మిగులుతుంది. గోరువెచ్చని పాకంలో వేడి జామూన్లు వేసి కనీసం రెండు గంటలు కదపకుండా వదలాలి. మీరు చదివిన ‘పట్టనివ్వండి’ అంటే ఈ రెండు గంటలే.

తీగపాకంలో తీగ అంటే పాదు మాత్రమే కాదు. వీణ తీగ, బంగారు తీగ అన్నప్పటి సన్నని పోగు. పాకం బొట్టు గరిటె మీదే కాస్త చల్లారనిచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి విడదీస్తే, తెగకుండా ఒక పోగు నిలవాలి. జిలేబీకి ఇది సరిపోతుంది. మైసూరుపాకుకు కూడా ఇక్కడే శనగపిండి పోయాలి, దాటితే గట్టిపడుతుంది. ఆ పేరు చివర ఉన్నది ఆకు కాదు, ఈ పాకమే. అది కన్నడ దారిన వచ్చింది.

అరిసెలకు కావలసింది ఉండపాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. తరిగిన బెల్లంలో గ్లాసు నీళ్లు పోసి, కరగగానే ఇసుక, నలక లేకుండా వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పళ్లెంలో చల్లని నీళ్లు పోసుకుని అందులో పాకం బొట్టు వేసి వేళ్లతో దగ్గరికి తీయాలి. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. దగ్గరికొచ్చి మెత్తని ఉండయి, నొక్కితే అణిగితే సరిగ్గా వచ్చింది. పళ్లేనికి కొడితే టంగుమన్నదంటే ముదిరింది. పరీక్షిస్తున్నంతసేపూ గిన్నె మంట మీద ఉంచకూడదు, మీరు ఉండ చుట్టేలోగా లోపలిది మరో మెట్టు ఎక్కేస్తుంది. దించాక తడి బియ్యప్పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. పాకం ఎంత పిండి పడితే అంత. ఇక్కడ ‘పడితే’ కూడా ‘పట్టు’ కుదించిన రూపమే. ‘గంట పట్టింది, గంట పడుతుంది’ అన్నప్పటిది. కాబట్టి ఈ ఒక్క వంటలో ‘పట్టు’ రెండు వేషాలు వేస్తుంది. పిండి ఆరిపోతే ఈ లెక్కలేవీ కుదరవు. అందుకే రాత్రంతా నానిన బియ్యాన్ని వాడ్చి, తడి ఉండగానే పట్టించి, పిండిని నొక్కి మూత పెట్టాలి. పాకం లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే పళ్లకు పని చెబుతుంది.

ఆ టంగుమనే ముదురు పాకం వేరుశనగ ఉండలకూ, నువ్వుల ఉండలకూ కావాలి. ఆరిన బొట్టును వంచితే వంగకుండా విరగాలి. వంగుతుంటే, ఉండ తిన్నవారి పళ్లకు అంటుకుంటుంది.

బెండకాయ పోలిక ఒక్కచోట పనికిరాదు. ముదిరిన కాయ తిరిగి లేతగా మారదు కాని, మాడని పాకం మారుతుంది. రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తే వెనకటి మెట్టుకు దిగివస్తుంది. వంటల్లో ఈ మధ్య ‘పాకం చిక్కబడ్డాక దించండి’ అని రాస్తున్నారు. అది పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది. పాకం చల్లారుతూనే చిక్కబడుతుంది కనుక, మంట మీద చిక్కగా కనిపించేదాకా ఆగినవారికి దక్కేది ముదురు పాకమే. ‘వన్ స్ట్రింగ్ కన్సిస్టెన్సీ’ అని రాయడం కన్నా ‘తీగ వచ్చాక’ అనడం చిన్నది, స్పష్టమైనది. పాకం పట్టేది మనం, వచ్చేది తీగ లేదా ఉండ. ఏది వచ్చినప్పుడు దించాలో రాస్తే వాక్యం నిండుతుంది.

రాతలో తీగపాకం, ఉండపాకం కలిపి రాయండి, అవి తెలుగు మాట, సంస్కృత మాట కలిసిన మిశ్రసమాసాలు. లేత పాకం, ముదురు పాకం విడిగా రాసినా దోషం లేదు.

పానకం వేరే మాట. తాగడమనే అర్థమున్న ‘పా’ ధాతువు నుంచి వచ్చింది. బెల్లం, నీళ్లు రెండింటిలోనూ ఉన్నా పానకానికి పొయ్యి అక్కర్లేదు. చల్లని నీళ్లలో బెల్లం కరిగించి, మిరియాల పొడి, ఏలకుల పొడి కలిపితే అయిపోతుంది. పచనం లేనిచోట పాకం లేదు.