బొగ్గు అయిపోయాక ఊరు బతుకుతుందా? పక్కన సముద్రం ఉంటే బతుకుతుంది

"గనులు మూతపడ్డాక ఆ ఊళ్లు ఏమవుతాయి" అని అడిగారు. నేను చూసింది రెండే ఊళ్లు, అయినా గట్టిగానే చెప్తాను: సముద్రం ఉంటే బతుకుతాయి, లేకపోతే జనం తలోదిక్కూ పోతారు.

ఒకటి తెలంగాణలో బొగ్గు గనుల ఊరు, మా ఇల్లందు. మా పెద్దవాళ్ల నోట్లో దాని పేరు ఇంకా బొగ్గుట్టే. రెండోది ఆస్ట్రేలియాలో నేనుండే న్యూకాజిల్‌కి దక్షిణాన క్యాథరిన్ హిల్ బే. ఒకపక్క లేక్ మక్వారీ, ఇంకోపక్క పసిఫిక్, మధ్యలో వల్లారా ద్వీపకల్పం, దాని మీద ఈ ఊరు. 1867లో అక్కడ ప్రమాదానికి గురైన ఓడ పేరే ఊరికి పెట్టారు. 1870ల్లో తవ్వకం మొదలైంది. సముద్రంలోకి కట్టిన జెట్టీ మీంచి బొగ్గు నేరుగా ఓడల్లోకి పోసేవాళ్లు. చివరి గని మూనీ 2002లో మూసేశారు. 2013 అక్టోబరు కార్చిచ్చులో ఆ జెట్టీ కూడా కొంత కాలింది.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన బాయిలో, అంటే బొగ్గు గనిలో, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. బీచ్ వైపు చూడనే లేదు. రోడ్డుకి ఆనుకుని వరసగా ఉన్న చిన్న చిన్న చెక్క ఇళ్లు చూసి "ఇవి క్వార్టర్లు కదరా" అన్నారు. అని ఊరుకోకుండా, అలవాటు చొప్పున ఒక ఇంటి వసారా స్తంభాన్ని వేలితో టకటక కొట్టి చెవి పెట్టారు, గనిలో పైకప్పు గుల్లగా ఉందో లేదో చూసినట్టు. నాకు టెన్షన్, ఎవరిల్లో ఏమో! లోపల్నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కోప్పడలేదు. ఆయనా మూనీలో చేసినవాడే. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆ ముసలాయన యాస నాకే సగం అర్థం కాదు. ఆయన రెండు చేతులూ పైకెత్తి దబ్బున కింద పడేసి, బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊది, తన టోపీ తీసి రోడ్డు మీదికి విసిరాడు. నాన్న వెంటనే "ఎయిర్ బ్లాస్టు!" అన్నారు. బొగ్గు తీసేసిన చోట కప్పు ఒక్కసారిగా కూలితే ఆ గాలికి మనిషి ఎగిరిపోతాడు. మూనీలో అదే భయం, అందుకే నీళ్లని ప్రెజర్‌తో రాతిలోకి పంపి కప్పుని ముందే పగలగొట్టి కూల్చేవారట. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను, నాన్నకి మాత్రం టోపీతోనే అర్థమైపోయింది.

మా తెలుగు గ్రూపుల వాళ్లు ఆ ఊరెళ్లి జెట్టీ ముందు ఫొటోలు దిగి "బ్యూటిఫుల్ బీచ్" అని పెడతారు, అదెందుకు కట్టారో ఒక్కరూ అడగరు. ఆదివారమైతే పార్కింగూ దొరకదు. 2010లో ఊరిని వారసత్వ జాబితాలో చేర్చి పాత ఇళ్లు కాపాడారు, మంచిదే. పక్కనే కొత్త కాలనీ లేచింది. గనివాళ్లు కొనగలిగే ఇళ్లు కావు అవి.

తిరుగు దారిలో పడవకి దారివ్వడానికి స్వాన్సీ వంతెన పైకి లేపారు, ఆగాం. అంతసేపూ మాట్లాడని నాన్న అప్పుడు అడిగారు, ఆ చెక్క ఇల్లు ఎంతుంటుందని. కోట్లలో అన్నాను.

"మన క్వార్టర్‌కి ఇంకో గది ఎక్కువే ఉండేది" అన్నారు.